కంచం చెప్పిన లెక్క

నౌకకు 74 రోజులు. బరువు 43.8. కంచం లెక్క 2,400.

ఈ పుస్తకం నా సరదాకి రాస్తున్నది కాదు. డాక్టర్ ఫణీంద్ర రాయమన్నాడు, రాస్తున్నాను. ఏం తిన్నానో, ఎంత తిన్నానో, ఎన్నిసార్లు దొడ్డికి వెళ్లానో, కడుపులో ఎక్కడ నొప్పెట్టిందో అన్నీ రాయాలట. "దాచకుండా రాయండమ్మా" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. దాచడానికి నా దగ్గర ఏముంది? పదకొండేళ్లుగా నా పేగుల సంగతి తెలియనివాళ్లు ఈ తెప్ప మీద ఎవరూ లేరు.

నౌక డాక్టర్లు కూడా చదువుతారంటున్నారు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను. నా పేరు మాణిక్యం. వయసు నలభై ఒకటి. ఉండేది సముద్రం మీద తేలే ఈ తెప్పల ఊళ్లో పదకొండో తెప్ప, మూడో వరస. పేగుల్లో పుండ్లు పడే జబ్బు. అది మానేది కాదు. మందులేస్తే కొన్నాళ్లు పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. ఇప్పుడు చిన్నపేగు ఒకచోట సన్నబడిపోయింది. ఆ ముక్క కోసి తీసేయాలి. కోసేది వైద్యనౌకలో. అది ఏడు నెలలకొకసారి వస్తుంది. నలభై అయిదు కిలోలు లేనివాళ్లకి మత్తు ఇవ్వరు, నౌక ఎక్కనివ్వరు. ఆ తర్వాతి నౌక దాకా నా పేగు ఆగదని ఫణీంద్ర మొహమాటం లేకుండా చెప్పాడు. అంటే ఈ డెబ్భై నాలుగు రోజుల్లో నేను కిలో రెండొందల గ్రాములు పెరగాలి. పెళ్లిళ్లలో రెండు పూటలు తింటే పెరిగేంత. నాకు మాత్రం అదే కొండంత.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. నా ఉద్యోగం తూనికల తనిఖీ. ఇళ్లలో తూకపు కంచాలకీ, వంటశాలల్లో కాటాలకీ ముద్ర వేసేది నేనూ, నా కింద పనిచేసే నూకరత్నమూ. కంచంలో ఏం వేసినా అది బరువు చూసి, ఏ తిండో పోల్చుకుని, ఎన్ని కేలరీలో అంచు మీద చూపిస్తుంది. పాత ఒడ్డు మునిగాక మాకు వచ్చే తిండి తక్కువ. మామూలు మనిషికి రోజుకి 1,900. నాకు జబ్బు కోటా కలిపి 2,400. పద్దెనిమిదేళ్లుగా ఇంటింటికీ తిరిగి నేను చెప్పే మాట ఒక్కటే: కంటిని నమ్మకండి, కంచాన్ని నమ్మండి.

నౌకకు 66 రోజులు. బరువు 43.5. కంచం లెక్క 2,410.

పెరగడం పోయి తగ్గాను.

నిన్నటి తిండి: పొద్దున బియ్యపు జావ, రెండు బాతుగుడ్లు. మధ్యాహ్నం మెత్తటి అన్నం, పెసరకట్టు, ఆవిరి మీద ఉడికించిన చేప. సాయంత్రం మళ్లీ అన్నం, కొబ్బరిపాలు. కారం లేదు, పీచు లేదు, రుచి అసలే లేదు. వండి వడ్డించేది మా ఆయన శేఖరం. లంగరు తాళ్లూ, నీళ్ల మీద గుర్తుగా తేలే బోయలూ బాగుచేసే మెకానిక్కు. చేతులు ఎంత మొరటో, వంట అంత నాజూగ్గా చేస్తాడు. నా జబ్బు ముదిరాక వంటగదిలోకి నన్ను రానివ్వడం లేదు. "నువ్వు కూర్చో మాణిక్యం, నేను చూసుకుంటాను" అంటాడు. ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడని మూడో వరస ఆడవాళ్లంతా అంటుంటే నాకూ కాస్త గర్వంగానే ఉంటుంది.

తిని గంట కాకముందే ఆకలేస్తోంది. 2,410 తిన్న మనిషికి ఆకలేమిటి? స్టెరాయిడ్ మాత్రలు లేని ఆకలి పుట్టిస్తాయని ఫణీంద్ర ముందే చెప్పాడు. అదే అయ్యుంటుంది. మంచినీళ్లు తాగి పడుకున్నాను.

నౌకకు 52 రోజులు. బరువు 43.1. కంచం లెక్క 2,430.

ఈ రోజు నాకు తల కొట్టేసినట్టయింది.

ఫణీంద్ర రక్తపరీక్ష కాగితం నా ముందు పెట్టాడు. "అమ్మా, పేగులో వాపు పెరగలేదు. మందు పనిచేస్తోంది. మీరు రాసినంత తింటే మీరు ఈపాటికి కిలో పెరగాలి. ఆ తిండి ఎక్కడికి పోతోంది?"

"నాకేం తెలుసండీ? డాక్టరు మీరు."

"తినడం అంటే భయపడే పేషెంట్లుంటారు. తింటే నొప్పి వస్తుందని పారబోస్తారు. మీరు..."

"నేను పారబోస్తే మా ఇంటి తూము లెక్క చెప్పదా?" అన్నాను. ఇక్కడ వాడిన నీళ్లు పోయే ప్రతి తూముకీ కొలత ఉంది. గుప్పెడు మెతుకులు పడినా మర్నాడు మనిషి వచ్చి అడుగుతాడు.

"సముద్రం ఉందిగా" అన్నాడు నెమ్మదిగా.

పక్కనే ఉన్న శేఖరం నా భుజం మీద చెయ్యి వేశాడు. "తను అలాంటిది కాదండి డాక్టర్‌గారూ" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా ప్రాణం లేచి వచ్చింది. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఏడ్చాను. ఆయన నా సంచీ తన భుజాన వేసుకుని పక్కన నడిచాడు.

నౌకకు 33 రోజులు. బరువు 43.5.

పోయిన వారం 42.8 కి దిగజారాను. ఇప్పుడు తొమ్మిది రోజుల్లో ఏడొందల గ్రాములు పెరిగాను!

నేను కొత్తగా చేసిందేమీ లేదు. శేఖరాన్ని బయటి లంగర్ల మరమ్మతుకి పంపారు. ఆయన లేడు కాబట్టి మూడు పూటలా ఆఫీసు వంటశాలలో తిన్నాను. అవే 2,400. వంటమనిషి గంటెతో కొట్టినట్టు వడ్డిస్తుంది, అన్నం ముద్దముద్దగా ఉంటుంది, చేప వాసన. అయినా అక్కడ తిన్నాక ఆకలి వేయలేదు. కంచం చూస్తే నాకే ఆశ్చర్యం, ఇంత అన్నమా అనిపించింది. కంటి లెక్క కదా, నమ్మకూడదు అనుకున్నాను.

"బావ లేకపోతేనే నువ్వు ఒళ్లు చేత్తన్నావక్కా" అని నూకరత్నం ఒకటే నవ్వు. "పంపించేసెయ్, ఇంకో నెల అక్కడే ఉంచెయ్యమను."

నోర్ముయ్యమన్నాను. రేపు శేఖరం వస్తున్నాడు. ఈ అంకె చూపిస్తే ఎగిరి గంతేస్తాడు.

నౌకకు 26 రోజులు. బరువు 43.0. కంచం లెక్క 2,420.

గంతులేం వేయలేదు. "మంచిదే" అని ఊరుకున్నాడు. ఇంటి తిండి మొదలై వారం. మళ్లీ అర కిలో పోయింది.

నేను డాక్టర్ని కాకపోవచ్చు. కానీ రెండు కాటాలు ఒకే వస్తువుకి రెండు బరువులు చూపిస్తే తప్పు వస్తువుది కాదని నాకు తెలుసు. అది నా పని. అక్కడ 2,400 తింటే పెరిగాను, ఇక్కడ 2,420 తింటే తగ్గాను. కంచం తప్పు చెప్తోంది.

తనిఖీదారు తన ఇంటి కంచాన్ని తనే సరిచూసుకోకూడదని మా ఆఫీసు నియమం. సొంతింటికి ఎక్కువ రాసుకుంటారని అనుమానం. అలా చూసుకుంటే ఆ పరీక్ష చెల్లదు, పైగా ఉద్యోగం పోతుంది. మా ఇంటి కంచానికి ముద్ర వేసింది నూకరత్నం. అంతే, నా ఒళ్లు మండింది. నేరుగా వెళ్లి అందరి ముందూ అడిగేశాను. నువ్వు కళ్లు మూసుకుని ముద్ర వేస్తే నా ప్రాణం మీదికి వచ్చిందన్నాను. పై అధికారికి కాగితం పెడతానన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను.

నూకరత్నం మొహం నల్లబడిపోయింది. "పన్నెండేళ్లయింది నీ దగ్గర పని నేర్చుకుని. నీ కంచం తప్పు చేత్తానా నేను? మూడు తూకపు బండలు పెట్టి చూశానక్కా, గ్రాము తేడా లేదు" అంది. నేను వినలేదు. కాగితం పెట్టాను.

నౌకకు 25 రోజులు. మధ్యాహ్నం.

మనసు ఊరుకోక, శేఖరం పనికి వెళ్లాక, ఆఫీసు నుంచి వంద గ్రాముల ఇత్తడి బండ తెచ్చి మా కంచంలో పెట్టాను. నియమం తప్పానని తెలుసు. తెలిసే పెట్టాను.

130.

మూడుసార్లు పెట్టాను. 130, 130, 130. ఒకటికి పావలా కంటే ఎక్కువే కలిపి చెప్తోంది. 2,400 అని నేను రాసుకున్న రోజున నా కడుపులో పడింది 1,850.

కంచం బోర్లించాను. నూకరత్నం వేసిన లక్క ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. కానీ దాని అంచు చుట్టూ సన్నగా, తేనె రంగులో జిగురు. ఆ జిగురు ఏమిటో నాకు తెలుసు. మా ఇంటి చూరులో డబ్బా ఉంటుంది. పగిలిన బోయలు అతికే జిగురు అది.

చూరులోంచి డబ్బా దింపి రంగు పోల్చి చూశాను, అదే.

నౌకకు 25 రోజులు. సాయంత్రం.

శేఖరం వచ్చేసరికి కంచం, ఇత్తడి బండ బల్ల మీద పెట్టి కూర్చున్నాను. చూశాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"నౌక తారీకు చెప్పిన రోజు నుంచి." కంచం వంక చూస్తూ, "ఒక్కసారే కాదు. రోజుకి కొంచెం కొంచెంగా లోపలి మర తిప్పాను. నీ కన్ను పట్టేస్తుందని" అన్నాడు.

నా కన్ను! దాన్నే కదా నేను నమ్మనిది.

"ఎందుకండీ?"

"చిట్టిని నా చేత్తోనే ఎక్కించాను ఆ నౌక. తిరిగి ఏమిచ్చారు? చీర, జత చెప్పులు." చిట్టి ఆయన చెల్లెలు. మూత్రపిండాల ఆపరేషన్‌కి వెళ్లి అక్కడే పోయింది, మూడేళ్లయింది. "నిన్ను కూడా పంపించి ఉత్త చేతుల్తో రాలేను మాణిక్యం. బరువు చాలకపోతే వాళ్లే వద్దంటారు. నువ్వు నా కళ్ల ముందుంటావు."

"నా పేగు మూసుకుపోతే?"

"ఏదో ఒక మందు వస్తుంది."

"నన్ను అడగొచ్చుగా? నాకు భయంగా ఉంది, వెళ్లొద్దు అని ఒక్క మాట అనొచ్చుగా?"

"అడిగితే వెళ్తానంటావు."

నిజమే. వెళ్తాననే అనేదాన్ని.

మిగిలిన తిండి ఏం చేశావని అడిగాను. మొదటిసారి నువ్వు అన్నాను ఆయన్ని. తూములో పోస్తే తెలిసిపోతుందని, నేను పడుకున్నాక తనే తిన్నాడట. "తినలేక తినలేక తిన్నాను. ప్రతి ముద్దా గొంతుకి అడ్డం పడేది" అని ఏడ్చాడు. నాకు జాలి వేస్తుందనుకున్నాడో ఏమో. నా తిండి తిని ఆయన ఏడ్చాడు. నేను మాత్రం ఆకలికి ఏడవను కూడా లేదు, ఎందుకంటే నాది నిజం ఆకలని నాకే తెలియనివ్వలేదు. డాక్టరు నన్ను దొంగని చేసిన రోజున, తను అలాంటిది కాదండి అన్న మనిషికి ఆ దొంగ ఎవరో తెలుసు. ఆ రోజు నా సంచీ మోశాడు.

కంచం ముద్ర విప్పినవాడిని మూడేళ్లు ఉప్పు తెప్పలకి పంపేస్తారు. తనంతట తాను వచ్చి ఒప్పుకుంటే మందలించి వదిలేస్తారు. "రేపు పొద్దున్నే వెళ్లి నేనే చెప్తాను. ఒక్క పూట ఇవ్వు" అన్నాడు. నా చేతులు పట్టుకున్నాడు.

ఇచ్చాను.

నౌకకు 24 రోజులు. బరువు 42.9.

ఆయన ఆఫీసుకి వెళ్లిన మాట నిజమే. పొద్దున్నే కడుగుతుంటే కంచం జారి సముద్రంలో పడిపోయిందని చెప్పి, కొత్త కంచం రాయించుకుని వచ్చాడు.

రెండు చీరలు, మాత్రల డబ్బా, ఈ పుస్తకం తీసుకుని ఆఫీసు పక్క గదికి వచ్చేశాను.

నౌకకు 12 రోజులు. బరువు 43.7.

మూడు పూటలా వంటశాల తిండే. ఎక్కువ తింటే త్వరగా పెరుగుతానని మొన్న ఒక పూట రెండు వడ్డనలు తిన్నాను. సన్నబడిన పేగు ఊరుకుంటుందా? ఆరు గంటలు మెలికలు తిరిగాను, తిన్నదంతా కక్కేశాను. రోజుకి డెబ్భై గ్రాముల కంటే ఈ ఒళ్లు పెరగదు. వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. నలభై అయిదు అందదు.

నూకరత్నం మీద పెట్టిన కాగితం వెనక్కి తీసుకున్నాను. అందరి ముందూ తిట్టాను కాబట్టి అందరి ముందూ క్షమించమన్నాను. జరిగింది చెప్పాను. కంచం లేకుండా ఏం రుజువు చేస్తామంది తను. నేను పెట్టిన బండ లెక్క ఆఫీసులో చెల్లదు. ఆ జిగురు సముద్రం పాలైంది. మిగిలింది నా మాట, ఆయన మాట.

"నౌక కాటాకి ముద్ర వేసేది నేనే కదక్కా" అంది నూకరత్నం, తలుపు దగ్గరికి వేసి. "ఒక్క మర తిప్పితే నలభై అయిదేంటి, యాభై చూపిత్తాది."

అబద్ధం చెప్పను, ఆశ పుట్టింది.

"మత్తు మందు బరువు చూసి ఇస్తారే పిచ్చిదానా" అన్నాను చివరికి. "ఆ కాటా అబద్ధం చెప్తే బల్ల మీదే పోతాను. నా తూకం నాకు సరిగ్గా కావాలి. ఇప్పటికి చాలు."

నౌక వచ్చిన రోజు. బరువు 44.4.

ఆరొందల గ్రాములు తక్కువ.

నౌక కాటాకి ముద్ర వేయడానికి ఆఫీసు పుస్తకం పట్టుకుని వచ్చిన నూకరత్నం నా పక్కనే ఉంది. నౌక డాక్టరు జరీనా. యాభై ఏళ్లుంటాయి, గొంతు మెత్తన. ఈ పుస్తకం అంతా చదివింది. "బరువు తగ్గింది జబ్బు వల్ల కాదు, తిండి లేక అని తేలితే నేను ఈ ఆరొందల గ్రాములు చూసీచూడనట్టు ఊరుకోగలను. ఎందుకంటే ఒళ్లు గట్టిగా ఉన్నట్టే. జబ్బే తినేస్తోందంటే మాత్రం మత్తు ఇవ్వను. మీరు రాసింది తప్ప రుజువేమన్నా ఉందా?" అంది.

ఫణీంద్ర నా పాత కాగితాలు తిరగేసి, ఇంట్లోవాళ్లని అడగడం పద్ధతి అన్నాడు. శేఖరాన్ని పిలిపించారు. ఇరవై నాలుగు రోజుల తర్వాత చూస్తున్నాను. గడ్డం పెరిగింది. నా వంక చూశాడు. చెప్పేస్తాడనే అనుకున్నాను. ఇప్పటికీ నా పిచ్చి అది. ఈ గదిలో, ఇంతమంది ముందు, నా ప్రాణం కోసం ఒక్క నిజం చెప్పడా అనుకున్నాను.

"కంచం సరిగ్గానే ఉండేదండి. తనే తినదు. నాకు తెలియకుండా సముద్రంలో పారబోస్తుంది" అన్నాడు. అని కళ్లు తుడుచుకున్నాడు.

నూకరత్నం నా మోచెయ్యి పట్టుకుంది. ఫణీంద్ర తలూపుతూ ఏదో రాసుకుంటున్నాడు. అప్పుడు చూశాను శేఖరాన్ని, మొగుడిలా కాదు, పని మీద వెళ్లినప్పుడు సరుకుని చూసినట్టు చూశాను. చొక్కా పొట్ట దగ్గర గుండీ పట్టక లాగుతోంది. మెడ కింద మడత.

"డాక్టరమ్మా, ఆయన్ని కాటా ఎక్కించండి" అన్నాను.

"ఎందుకు?"

"మా ఇంటికి వచ్చే కోటా మా ఇద్దరిది. తూములో ఏదీ పడలేదని లెక్కుంది. నేను సముద్రంలో పోసి ఉంటే ఆయన బరువు ఆయన కోటాకి తగ్గట్టే ఉండాలి. ఎక్కించి చూడండి."

శేఖరం కదల్లేదు. "నాకెందుకండి" అన్నాడు. జరీనా కాటా వంక చెయ్యి చూపించింది. గొంతు మెత్తనే కానీ చెయ్యి అలా లేదు. ఎక్కాడు.

74.6.

నూకరత్నం ఆఫీసు పుస్తకం తెరిచింది. ఊరందరినీ ఆర్నెల్లకోసారి తూచేది మేమే. నౌక తారీకు చెప్పక ముందు ఆయన బరువు 68.3. రోజుకి 1,900 తిని తాళ్లు లాగే మనిషి ఆరు కిలోల పైన పెరగడానికి ఈ సముద్రంలో వేరే దారి లేదు. ఫణీంద్ర రాసుకుంటున్న కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, నా వైపు తిరిగి, తల దించుకున్నాడు.

కాటా దిగుతూ శేఖరం "వెళ్లకు మాణిక్యం" అన్నాడు, నాకొక్కదానికే వినపడేలా. ఆ గొంతులో ప్రేమ లేదని నేను అనను. ఉంది. నా తిండి తిన్నది కూడా అదే.

"నా ఒంట్లోంచి తీసుకున్న ఆరు కిలోలు మోసుకుంటూ నిలబడి నన్ను వెళ్లొద్దంటున్నావా?" అన్నాను, అందరికీ వినపడేలా.

నౌక మీద, రెండో రోజు. బరువు 44.5.

రేపు పొద్దున కోస్తారు. భయంగానే ఉంది. చిట్టి ఇదే వరసలో పడుకుని ఉంటుంది. శేఖరం భయం అబద్ధమని నేను ఎప్పుడూ అనలేదు. ఆ భయాన్ని నాతో పంచుకుని ఉంటే ఇద్దరం కలిసి ఇక్కడిదాకా వచ్చేవాళ్లం. నా చెయ్యి పట్టుకోవాల్సిన చేత్తో ఆయన మర తిప్పాడు.

ఇందాక నర్సు కాగితం నింపుకోవడానికి వచ్చింది. కుర్రపిల్ల, చకచకా అడిగేస్తోంది. వయసు, తెప్ప నంబరు, పడని మందులు.

"ఏమన్నా అయితే కబురు ఎవరికి చెప్పాలమ్మా? భర్త ఉన్నారా?"

"ఉన్నాడు. ఆ గళ్లో మాత్రం నూకరత్నం అని రాసుకో."

కలం ఆగింది. "మరి ఆయనకి చెప్పొద్దా?"

"నేను పోతానని ఆయన ఎప్పుడో లెక్క కట్టేసుకున్నాడమ్మా. ఆ కబురు ఆయనకి కొత్త కాదు" అన్నాను. "బతికితే మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. నేనే వెళ్లి ఎదురుగా నిలబడతాను."

ఆమె కాగితం నా వైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది. పెట్టాను.